రెండేళ్ళు వాడిన బ్యాటింగ్ టీ: ఆ మెత్తటి రబ్బరు మూతి సంగతి

కొన్న రెండో నెల్లోనే ఈ టీకి ఫైవ్ స్టార్స్ ఇచ్చేసి, "రబ్బరు మూతి వెన్నలా ఉంది, కళ్ళు మూసుకుని కొనేయండి" అని రాసేసింది నేనే. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను గానీ, రెండేళ్ళు దాటాక ఇప్పుడు మాత్రం కళ్ళు తెరుచుకునే కొనండి అంటాను.

టీ అంటే తాగే టీ అనుకునేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు (మా అత్తగారు), వాళ్ళకోసం ఒక్క ముక్క. నిలువుగా ఒక గొట్టం, కింద పళ్ళెం, పైన బంతి నిలబెట్టడానికి రబ్బరు మూతి, అంతే. బేస్‌బాల్ ఆడేవాళ్ళు కదలకుండా ఉన్న బంతిని మళ్ళీ మళ్ళీ కొట్టి చెయ్యి తిప్పుకోవడానికి. 1994లో .394 సగటు (అంటే వెయ్యికి 394 హిట్ల లెక్కన) కొట్టిన అమెరికా బేస్‌బాల్ ఆటగాడు టోనీ గ్విన్ అంతటోడు కూడా టీ మీద తెగ ప్రాక్టీసు చేసేవాడట, కాబట్టి ఇది చిన్నపిల్లల సామాను కాదు. ఎత్తు ఎంతవరకు లేస్తుంది, బరువెంత అన్నవి డబ్బా మీదే ఉంటాయి, నేను రాయను.

మాది శ్రీకాకుళం, అరసవల్లి రోడ్డు. నేను ఇంట్లో బట్టలు కుడతాను. మావాడు ఇప్పుడు టెన్త్. ఎనిమిదో క్లాసు దాకా వాడికి క్రికెట్టే లోకం, తర్వాత స్కూల్లో పీడీ మాస్టారు వాడి చేతి ఊపు చూసి బేస్‌బాల్లోకి లాగేశారు. "ఏటి గుంటడా, అందరాడిన ఆట ఆడకుండా ఇదేటి కొత్తగా" అని వాళ్ళ తాత గోల. డాబా మీదే జాగా కుదిరింది. గార అవతల బందరువానిపేటలో మా ఆయన స్నేహితుడు వేటకి పనికిరాని పాత వల ఇస్తే రెండు వెదురు గడలకి కట్టి వేలాడదీశాం, మొదటి వారం డాబా అంతా చేపల వాసన, పక్కింటి పిల్లి రోజూ వచ్చి దానికిందే కూర్చునేది. వల మాత్రం ఇప్పటికీ ఒక్క పోగు తెగలేదు, నిజానికి ఫైవ్ స్టార్స్ దానికివ్వాలి.

సాయంత్రం మిషన్ మీంచి లేచి నేను పైకెళ్తే బంతి పెట్టడం నా పని, కొట్టడం వాడి పని. రోజుకి ఒక అరవై. ఆ మూతి నిజంగా బాగుండేది, గాలొచ్చినా బంతి కదలదు, బ్యాటు తగిలినా పక్కకి ఒంగి మళ్ళీ లేచి నిలబడుతుంది, బ్యాటుకి గీత పడదు, వాడి చేతికి జిల్లుమనదు. కొట్టినప్పుడల్లా వల పై అంచు ఉయ్యాల ఊగినట్టు ఊగేది, నేను చప్పట్లు కొట్టేదాన్ని. ఎంత ఎత్తుకి లేపుతున్నాడో మావాడు అని మా చెల్లికి వీడియోలు కూడా పంపేదాన్ని.

తర్వాత జిల్లా సెలక్షన్లు. మూడుసార్లు బ్యాటు పట్టాడు, మూడుసార్లూ బంతి ఆకాశంలోకి లేచింది, తిన్నగా దిగి ఫీల్డర్ గ్లవ్‌లో పడింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. నేనేమో బౌలర్ (పిచ్చర్ అనాలట) దూరం కొత్త, అరవై అడుగుల ఆరంగుళాల నుంచి వేస్తుంటే కంగారుపడ్డాడు, అలవాటైపోతుందిలే అని నాకు తోచిన ఓదార్పు చెప్పాను. మర్నాడు మాస్టారికి ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒకటే. "మీ ఇంట్లో కొట్టినప్పుడు వల ఎక్కడ ఊగుతోందమ్మా?" పైనండి, బాగా పైన అన్నాను గొప్పగా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "ఎనిమిదడుగుల దూరంలోనే అంత పైకి పోతోందంటే అది షాట్ కాదమ్మా, క్యాచ్. టీ ఎంత ఎత్తుందో వల మీద కూడా ఇంచుమించు ఆ ఎత్తులోనే తగలాలి."

అప్పుడు పైకెళ్ళి మూతిని దగ్గరగా పట్టుకుని చూశాను. పై అంచుకి అంగుళం కింద, ఒక పక్కన, నవ్వుతున్న నోరులా వంకరగా అరిగిపోయి ఉంది. బ్యాటు తీసి చూస్తే సిల్వర్ రంగు మీద నల్లటి చారలు. ఆ చారలు నాకు కొత్త కాదు. ప్రతి ఆదివారం గిన్నెలు తోమే సబ్బూ పీచూ పెట్టి వాటిని తుడిచింది నేనే, మట్టి అనుకుని! ఆర్నెల్లు సాక్ష్యం నా చేత్తోనే చెరిపేశాను. బ్యాటు ముందు రబ్బరుకి తగులుతోంది, రబ్బరు మెత్తగా తప్పుకుని దారిస్తోంది, ఆ తర్వాత బ్యాటు బంతి అడుగున తగిలి పైకి లేపేస్తోంది. గట్టి గొట్టమైతే మొదటిరోజే టకామని చెప్పేసేది, ఈ మంచితనం రబ్బరు ఏమీ చెప్పలేదు.

నా టైలరింగ్ టేపు పెట్టి కొలిచాను కూడా. బంతి చుట్టూ తొమ్మిదంగుళాల పైన, అంటే అడ్డంగా మూడు అంగుళాలకి కాస్త తక్కువ. మావాడి బ్యాటు లావు రెండున్నర అంగుళాల చిల్లర. రెండూ గుండ్రమే. క్రికెట్ బ్యాటుకైతే నాలుగుంపావు అంగుళాల వెడల్పుంటుంది, పైగా చదును, అంగుళం అటూ ఇటూ అయినా ఏదో ఒకటి జరుగుతుంది. ఇక్కడ అంగుళం తేడా అంటే మొత్తం తేడానే.

ఇక నా వైద్యం. ముగ్గుపిండి తడిపి రబ్బరు చుట్టూ పూశాను, ప్రతి దెబ్బకీ బ్యాటు చూడటం. మొదటిరోజు ఇరవైలో పదమూడు దెబ్బలకి బ్యాటు మీద తెల్లగా అంటింది. వాడు నమ్మలేక "నువ్వే ఎక్కువ పూసేస్తన్నావమ్మా" అని నామీదే పడ్డాడు. మాస్టారు వచ్చి చూసి వెనక భుజం పడిపోతోందని పట్టుకున్నారు, సిక్సు కొట్టే అలవాటు అది. టీని ఛాతీ ఎత్తుకి లేపి కొట్టమన్నారు, అంత ఎత్తులో భుజం దించితే బ్యాటు రబ్బరుని కూడా దాటి గొట్టానికే తగులుతుంది. ఒంటికి దగ్గరగా వచ్చే బంతికి టీ ముందుకి, దూరంగా పోయేదానికి వెనక్కి జరపాలనేది కూడా అప్పుడే తెలిసింది, అంతవరకు ఒకేచోట పెట్టి కొట్టించేశాం.

ఇక్కడ నేనొక తెలివి ప్రదర్శించాను. రబ్బరే కదా దొంగ, దాన్ని పీకేసి వట్టి గొట్టం మీదే బంతి పెడితే తప్పు వెంటనే తెలుస్తుంది కదా అని పీకేశాను. నాలుగో రోజు ఫట్‌మని గొట్టం పైనుంచి జానెడు చీలిపోయింది, వాడి వేళ్ళు అరగంట సేపు తిమ్మిరెక్కిపోయాయి. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే పై గొట్టం విడిగా దొరకదట, మొత్తం సెట్టు మళ్ళీ కొనాలట. రబ్బరు మూతి ఒక్కటే కావాలన్నా అదే మాట. రోజూ దెబ్బలు తినే భాగం అదొక్కటే అయినప్పుడు దాన్ని విడిగా అమ్మకపోవడం ఏం వ్యాపారమో నాకర్థం కాలేదు. తప్పు నాదే అనుకోండి, అయినా నా కోపం పోలేదు. చివరికి మా వీధి ప్లంబరు బాబాయి లోపల పీవీసీ ముక్క దూర్చి, చీలిక మీద క్లిప్పు బిగించి ఎనభై రూపాయలు తీసుకున్నాడు. అప్పట్నుంచి గొట్టం కొంచెం కిందికి జారుతోంది, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నెట్టుకొస్తున్నాం. రబ్బరు మళ్ళీ పైకెక్కింది, అది లేకపోతే కుదరదని నాకు అప్పుడు బోధపడింది.

కొనాలా అంటే, మీ ఇంట్లో బంతి పెట్టడానికి ఒక మనిషి ఉండి, ఆ మనిషి పిల్లాడి మొహం కాకుండా బ్యాటు చూసేట్టయితే కొనండి. పిల్లాడు ఒక్కడే పెట్టుకుని ఒక్కడే కొట్టుకోవాలంటే ఇంత మెత్తటి మూతిది నేనైతే కొనను, కాస్త గట్టిది చూస్తాను, అలాంటిది నేను వాడలేదు కాబట్టి అంతకన్నా చెప్పను. మాది పదడుగుల డాబా, ఉప్పుగాలి, నాలాంటి ఆట రాని కోచ్, మీకు మైదానమూ తెలిసిన మనిషీ ఉంటే మీ లెక్క వేరేగా రావచ్చు. టీ ఒక్కటే చాలదు కూడా, కదిలే బంతి కొట్టడానికి వారానికి మూడ్రోజులు స్కూల్ గ్రౌండుకి పోతున్నాడు.

మొన్న ఇరవైకి నాలుగు. ముగ్గుపిండి డబ్బా డాబా మీదే ఉండిపోతోంది, పొద్దున్న గుమ్మంలో ముగ్గెయ్యాలంటే నేనే మెట్లెక్కి తెచ్చుకుంటున్నాను.