పాకం పట్టని ఉండలు: రెండున్నరేళ్ళ తర్వాత నా సమీక్ష

మా ఫ్రిజ్‌లో రెండో అరలో ఒక స్టీలు డబ్బా ఉంటుంది. ఆదివారం సాయంత్రం నిండుతుంది, శుక్రవారానికి అడుగు కనిపిస్తుంది. రెండున్నరేళ్ళుగా ఇదే వరస. ఎనర్జీ బాల్స్ అని ఇంటర్నెట్‌లో చూసి మొదలుపెట్టాను కానీ, మా ఇంట్లో వాటి పేరు ఖర్జూరం ఉండలే. సాయంత్రం ఐదింటికి ఆఫీసులో ఆకలేస్తే సమోసా దగ్గరికి పోకుండా ఉండాలన్నది నా కోరిక. అది నెరవేరింది. ఒక ఉండ, గ్లాసు మజ్జిగ తీసుకుంటే మియాపూర్‌లో ఇంటికి చేరేదాకా ఆకలి గుర్తు రాదు.

ఇప్పుడు స్థిరపడిన కొలత ఇది: గింజ తీసిన ఖర్జూరం 200 గ్రాములు, పల్లీలు 100, నువ్వులు 50, నాలుగు యాలకులు, చిటికెడు ఉప్పు. పాతిక గ్రాముల ఉండలు పద్నాలుగు వస్తాయి. ఒక్కోదాంట్లో సుమారు 100 కేలరీలు ఉంటాయి కాబట్టి, చిన్నగా ఉన్నాయని నాలుగు తింటే అది పూట భోజనమే. స్టవ్ అసలే అక్కర్లేదని చాలామంది చెబుతారు. పాకం అక్కర్లేదు, అంతవరకే నిజం. పల్లీలు సన్నసెగ మీద దోరగా వేయించి పొట్టు ఊదాల్సిందే, నువ్వులు చిటపటలాడే దాకా వేయించాల్సిందే. పచ్చివి వేసి చూశాను, మూడో రోజుకి ఎవరూ ముట్టలేదు.

ఈ వంటలో కష్టమంతా మిక్సీ దగ్గరే. మొదట్లో ఖర్జూరమంతా ఒకేసారి జార్‌లో వేసి తిప్పేదాన్ని. అది బ్లేడు చుట్టూ ముద్ద కట్టేది, మోటారు మూలిగి ఆగిపోయేది. మిక్సీని పక్కకి వంచి అడుగునున్న ఎర్ర బటన్ నొక్కితేగానీ మళ్ళీ తిరిగేది కాదు. ఇప్పుడు ముందు పల్లీలు, నువ్వులు బరకగా కొట్టి పళ్ళెంలోకి తీసేస్తాను. ఆ పొడి రెండు చెంచాలు జార్‌లో ఉంచి, దాని మీద ఖర్జూరం సగం సగం వేసి, నాబ్‌ని ఎడమవైపు తిప్పి పట్టుకుని వదులుతూ కొడతాను. పొడి అంటుకోవడం వల్ల ఖర్జూరం ముద్ద కాకుండా ముక్కలవుతుంది. తర్వాత అంతా పళ్ళెంలోకి తీసి చేత్తో కలపడమే. పిడికెడు తీసుకుని నొక్కితే అరచేతికి సన్నగా నూనె మెరుపు తగలాలి, జిగురు మాత్రం అంటకూడదు. పల్లీలు ఎక్కువసేపు తిప్పితే నూనె వదిలేసి, మర్నాటికి ఉండలకి చెమట పట్టినట్టు కనిపిస్తుంది. తింటే చేతులు జిడ్డు, నోరు జిడ్డు.

ఇన్నాళ్ళలో నాకు అర్థమైంది ఒకటే. రుచి, నిల్వ, ఉండ నిలబడటం, మూడూ తడి మీదే ఆధారపడతాయి. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే నల్లటి కిమియా ఖర్జూరంలో తడి ఎక్కువ. వాటితో చేసిన ఉండ సాయంత్రానికి అప్పంలా చదునైపోతుంది. రెండు చెంచాల పుట్నాల పొడి కలిపితే అది నిలబడుతుంది. పుట్నాలు తడిని పీల్చుకుంటాయి, రుచికి అడ్డు రావు. ఓట్స్ పొడితోనూ చూశాను, దానికన్నా పుట్నాలే వందరెట్లు మేలు. కాస్త గట్టిగా ఉండే గోధుమరంగు ఖర్జూరమైతే నీళ్ళలో నానబెట్టకండి, నాలుగు రోజుల్లో పులిసిన వాసన వస్తుంది. మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు పెడితే చాలు, మెత్తబడుతుంది. మెడ్జూల్ అనే ఖరీదైన పెద్ద ఖర్జూరం ఊరికే తినడానికి ఎంతో బాగుంటుంది కానీ, మిక్సీలో వేసి కొట్టడానికి అంత ధర పెట్టడం నాకు నచ్చదు. నేను బేగంబజార్‌లో రెండు మూడు కిలోలు ఒకేసారి తెచ్చుకుంటాను.

ఏ ఖర్జూరమైనా ఒక్కోటి చీల్చి లోపల చూడండి. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఒకసారి ఒక దుకాణంలో కొన్న ప్యాకెట్‌లో పైకి నిగనిగలాడుతున్న కాయల్ని విప్పితే లోపల నల్లటి మసిలా బూజు. కిలోలో పావు వంతు పారబోశాను. గింజలేనివి అని రాసున్న ప్యాకెట్‌లో గింజ దొరికిన సందర్భాలూ ఉన్నాయి. అది పంటి కింద పడితే పన్ను విరగొచ్చు.

ఇక రుచులు. పైన చెప్పిన పల్లీ–నువ్వుల ఉండ రోజువారీది, దానికి పదికి ఎనిమిది ఇస్తాను.

పదికి పది ఇచ్చేది నువ్వులు, బెల్లం కలిపి దంచే చిమ్మిలికే. మా అత్తయ్యగారిది పాలకొల్లు. నేను మొదటిసారి చేసి పెట్టినప్పుడు ఒకటి కొరికి, "చిమ్మిలిలో బెల్లం తీసి ఖర్జూరం వేశావు, అంతేగా అమ్మాయ్" అన్నారు. అక్షరాలా నిజం. నాగుల చవితికి పుట్ట దగ్గరికి తీసుకెళ్ళే చిమ్మిలి, పచ్చి చలిమిడి రెండూ పొయ్యి ఎక్కనివే. మనకి తరతరాలుగా ఉన్న వంటే ఇది. ఆ ఆదివారం ఆవిడ రోలు కడిగించి, పొట్టు తీయని నువ్వులు దంచి, బెల్లం తురుము కొద్దికొద్దిగా వేస్తూ నూనె ఊరే దాకా దంచారు. నెయ్యి చుక్క కూడా వేయలేదు. నువ్వుల నూనే బెల్లాన్ని పట్టుకుంటుంది. మిక్సీలో చేస్తే వాసనలో తేడా తెలుస్తుంది, అయినా వారాంతంలో నాకు కుదిరేది అదే. పొట్టుతో ఉన్న నువ్వులు 100 గ్రాముల్లో 900 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, పొట్టు తీస్తే చాలా తగ్గిపోతుంది. అందుకే తెల్లగా పాలిష్ పట్టినవి కొనను. అలాగని ఒక్క ఉండతో రోజంతటికీ సరిపడా కాల్షియం వచ్చేస్తుందని అనుకోకండి. ఉండలో ఉండే నువ్వులు ఎన్నని.

పిల్లలకి ఇష్టమైనది కోకో. పల్లీల బదులు బాదం, రెండు చెంచాల తీపిలేని కోకో పొడి, పావు చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి. పిల్లలకి చేసే వాయిలో కాఫీ మానేస్తాను. డ్రింకింగ్ చాక్లెట్ పొడి వేయకండి, అందులో ఎక్కువ భాగం చక్కెరే.

ఎండుకొబ్బరి–యాలకుల ఉండ వాసనకి ఇల్లంతా పండగలా ఉంటుంది. పచ్చికొబ్బరితో చేస్తే రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. ఎండుకొబ్బరి కూడా కొనేముందు ఒక ముక్క నమిలి చూడండి, కాస్త కనరు వాసన ఉన్నా వాయి మొత్తానికి పట్టేస్తుంది.

అవిసె గింజలతో నాకు ఓపిక నశించింది. వేయించి పొడి చేసి వేయాలి, గింజలుగా వేస్తే అలాగే బయటికి పోతాయి. పొడి చేస్తేనేమో నూనె తొందరగా చెడుతుంది. వారంలోపు తినేస్తే పర్వాలేదు, రెండో వారానికి చేదు తిరుగుతుంది. ఆరోగ్యానికి మంచిదని అవిసెలు వేసుకోవాలంటే ఒక్క చెంచాతో ఆపండి.

ఓట్స్, పీనట్ బటర్, తేనె రకం ఇంటర్నెట్‌లో అందరూ చేసేదే. మా ఇంట్లో నిలవలేదు. ఏప్రిల్ ఎండకి టిఫిన్ బాక్సులో కరిగి అతుక్కుపోయింది. పైగా తేనె ఉన్నది ఏడాదిలోపు పిల్లలకి అస్సలు పెట్టకూడదు. రాగి పిండి వేస్తే కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి వేయండి, లేకపోతే పచ్చిపిండి రుచి నాలుక మీద ఉండిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్ళ గురించి ఒక మాట. అత్తయ్యగారికి షుగర్ ఉంది. చక్కెర వేయలేదు కదా అని మొదటి నెల ఆవిడకి రోజూ రెండు పెట్టాను. ఇంట్లో మీటర్‌లో రీడింగ్ పెరిగింది. చక్కెర కలపకపోవడం వేరు, చక్కెర లేకపోవడం వేరు. ఖర్జూరం బరువులో సగానికి పైగా చక్కెరే. ఆ సంగతి ముందే ఆలోచించనందుకు నాకు చాలా బాధేసింది. ఇప్పుడు ఆవిడకి సాయంత్రం గుప్పెడు వేయించిన పల్లీలే ఇస్తున్నాను. ఉండ కావాలనిపిస్తే సగం తుంచుకుంటారు, అదీ డాక్టర్‌ని అడిగాకే.

చివరిది నా సొంత ప్రయోగం, మామిడి తాండ్ర. ఆత్రేయపురం నుంచి తెచ్చిన తాండ్రని సన్నగా కత్తిరించి, జీడిపప్పు పలుకులు, ఎండుకొబ్బరి, కాస్త ఉప్పు, చిటికెడు కారం వేసి చేత్తోనే మెదిపాను. ఖర్జూరం అక్కర్లేదు, తాండ్ర జిగురే చాలు. ముందు పులుపు, తర్వాత తీపి, చివర్లో గొంతులో కారం. ఇంటికొచ్చిన వాళ్ళందరూ ఎలా చేశావని అడిగింది దీన్నే.

ఈ వారం డబ్బాలో సగం చిమ్మిలి, సగం కోకో. తాండ్ర అయిపోయింది, కొత్తది ఎండాకాలంలోనే.