నెల్లూరులో అటెస్టేషన్ ఫారం నింపించే సేవ: టైపు శుభ్రం, సలహా ప్రమాదకరం

మా అన్నగారి అబ్బాయికి కేంద్ర సాయుధ పోలీసు బలగంలో ఉద్యోగం వచ్చిన సందర్భంగా, నెల్లూరు మద్రాసు బస్టాండు సమీపంలోని ఒక నెట్ సెంటరులో అటెస్టేషన్ ఫారం (ఉద్యోగికి పూర్వ చరిత్ర విచారణ కోసం తీసుకునే వివరాల పత్రం) నింపించాము. పని చక్కగానే చేస్తారు. గడచిన ఐదేళ్లలో ఏడాదికి మించి ఉన్న చిరునామాలన్నీ, కావలిలోని హాస్టలుతో సహా, పోలీస్ స్టేషన్ల పేర్లతో వరుసగా రాబట్టారు. గెజిటెడ్ అధికారి సంతకం ఎక్కడ ఉండాలో పెన్సిలుతో గుర్తు పెట్టి మరీ ఇచ్చారు.

చిక్కంతా పన్నెండో ప్రశ్న దగ్గర వచ్చింది. అరెస్టు, ప్రాసిక్యూషన్, జరిమానా, శిక్ష, పరీక్షలు రాయకుండా నిషేధానికి గురికావడం (డిబారు) వంటివన్నీ అడిగే ఆ భాగంలో, వారి కంప్యూటరులోని నమూనాలో ప్రతి గడిలోనూ 'లేదు' అని ముందే టైపు చేసి ఉంది. మావాడి మీద ఊరి తిరునాళ్ల కొట్లాటలో నమోదై, లోక్ అదాలత్‌లో రాజీ అయిన కేసు ఒకటి ఉంది. ఆ సంగతి చెబితే, "అయిపోయిన కేసు గురించి ఎవరు అడుగుతారు సార్, అందరికీ లేదనే పెడుతున్నాము" అన్నారు.

ఇది తేలికగా తీసుకోదగిన మాట కాదు. తప్పుడు సమాచారం ఇచ్చినా, వాస్తవాన్ని దాచినా అనర్హతే అవుతుందని, ఉద్యోగంలో చేరాక ఎప్పుడు బయటపడినా తొలగించవచ్చని ఆ ఫారం మొదట్లోనే హెచ్చరిక ఉంటుంది. ముగిసిన కేసులు కూడా స్టేషను రికార్డుల్లో ఉంటాయి కనుక విచారణకు వచ్చేవారికి అవి కనబడతాయి. ఇలా ఫారంలో కేసులు దాచడం గురించిన అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు, చిన్న వయసులో నినాదాలు చేయడం వంటి స్వల్ప విషయాన్ని దాచినప్పుడు ఉద్యోగమిచ్చే యజమాని ఆ లోపాన్ని మన్నించవచ్చని చెప్పింది గానీ, మన్నించి తీరాలని చెప్పలేదు. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలనీ చెప్పలేదు; పూర్వాపరాలు చూసుకునే అధికారం యజమానికి అప్పుడూ ఉంటుంది. అయినా, రాజీ అయిన కొట్లాటను వివరించుకునే అవకాశం ఉంటుంది. సంతకం పెట్టి ఆడిన అబద్ధానికి వివరణ దొరకడం కష్టం. అమెరికా పౌరులైన మనవాళ్ల పిల్లలు అక్కడ రక్షణ రంగంలో సెక్యూరిటీ క్లియరెన్స్ (రహస్య సమాచారం చూసేందుకు అనుమతి) కోసం నింపే ఎస్ఎఫ్-86 అనే ఫారం విషయంలోనూ ఇదే పట్టింపు ఉంది: 2017 నుంచి అమలులో ఉన్న మార్గదర్శకాలు కావాలని దాచడాన్ని వ్యక్తిగత ప్రవర్తనలోని లోపంగా లెక్కించి, అధికారులు నిలదీయకముందే సరిదిద్దుకున్నవారికి కొంత వెసులుబాటు ఇస్తాయి.

మేము పట్టుబట్టి ఆ గడి మార్పించి, కేసు నంబరు, సెక్షన్లు, లోక్ అదాలత్ అవార్డు తేదీ రాయించి, అవార్డు నకలు జతచేశాము. అక్కడి కుర్రవాడు విసుక్కోకుండా మార్చాడు, అందుకు మెచ్చుకోవాలి. కానీ నమూనాలోని 'లేదు'లను తీసివేయమంటే సెంటరు యజమాని నవ్వి ఊరుకున్నారు. మా వెనుక వరుసలో ఉన్న పిల్లలకూ అదే నమూనా తెరిచారు.

చిరునామాలు, ఫొటోలు, ప్రింట్ల వరకు ఈ సెంటరుకు నిస్సందేహంగా వెళ్లవచ్చు. పన్నెండో ప్రశ్నకు జవాబు మాత్రం కోర్టు కాగితాలు ముందు పెట్టుకుని, అవసరమైతే వకీలును అడిగి, ఇంటి దగ్గరే రాసుకుని వెళ్లడం మంచిది. తమ నమూనా వల్ల జరిగిన దిద్దుబాటుకు రెండో ప్రింటు డబ్బులు మా దగ్గరే వసూలు చేయడం మాత్రం సబబుగా లేదు.