శ్రీకాకుళం పెళ్ళికి వెళ్తున్నారా? ముందు లాడ్జి సంగతి చూసుకోండి

మా మరిది పెళ్ళికి విజయవాడ నుంచి 34 మందిమి శ్రీకాకుళం తరలివెళ్ళి వచ్చి నెల దాటింది. పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది, కోడలు బంగారం, అందులో వంక పెట్టడానికేమీ లేదు. కానీ ఆ లాడ్జి గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. రేపు మీ ఇంట్లో ఎవరైనా అక్కడి సంబంధం చేసుకుంటే మాలాగా ఇరుక్కోకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందు రైలు సంగతి. టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది కానీ ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. ఊళ్ళోకి ఇంకా పది పన్నెండు కిలోమీటర్లు. మాకైతే ఆడపెళ్ళివారు బస్సు పంపారు. మర్నాడు విడిగా వచ్చిన మా తమ్ముణ్ణి మాత్రం స్టేషన్ బయట ఆటో అతను 500 అడిగాడట, వీడు వద్దని రోడ్డు మీదికి నడిచి షేర్ ఆటో ఎక్కి 30 రూపాయలకి కాంప్లెక్స్‌లో దిగాడు. అక్కడ బస్టాండుని కాంప్లెక్స్ అంటారు, అది తెలియకపోతే దారి అడిగినప్పుడల్లా ఏ షాపింగ్ మాల్ గురించో చెప్తున్నారనుకుంటారు. విశాఖలో దిగి ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్ళకి ఈ గొడవ లేదు, రెండున్నర గంటల్లో నేరుగా ఊళ్ళోనే దింపేస్తుంది.

ఇక విడిది. వసంత పంచమి రాత్రి 2 గంటల 40 నిమిషాలకి ముహూర్తం. పంచమి తర్వాత రెండో రోజే రథసప్తమి. శ్రీకాకుళంలో రథసప్తమి అంటే అరసవల్లి సూర్యదేవుడి గుడి, అరసవల్లి అంటే ఊరంతా జనం. ఈ చిన్న లెక్క మాకు తట్టలేదు, లాడ్జివాడికి మాత్రం బాగా తెలుసు. పెళ్ళికూతురి బాబాయిగారు రెండు నెలల ముందే మాకోసం పది ఏసీ గదులు మాట్లాడారు, గది రోజుకి 1,600 చొప్పున, సప్తమి సాయంత్రం దాకా. 10,000 అడ్వాన్సు చేతికిచ్చారు. రసీదు తీసుకోలేదు. తెలిసినవాడేనట.

పంచమి ఉదయం 7 గంటలకి బస్సు దిగితే ఉన్నవి ఏడు గదులు. మిగతా మూడూ "సాయంత్రానికి ఖాళీ అవుతాయండి" అన్నారు. ఆ సాయంత్రం రానే లేదు. మా గదిలో ఏసీ ఉంది, రిమోట్ లేదు. కింద అడిగితే, పై అంతస్తు మొత్తానికి రిమోట్ ఒకటేనట, కుర్రాడు తెచ్చి ఆన్ చేసి వెళ్ళిపోతాడట. గీజర్ ఉంది, దాని వైరు కోసేసి ఉంది. వేడినీళ్ళు బకెట్ 40 రూపాయలు. ముప్పై నాలుగు మంది, పెళ్ళి రోజు, అందరికీ తలంట్లు, లెక్క మీరే వేసుకోండి. ఆ బకెట్లు మోసే కుర్రాడి మీద నాకు కోపం లేదు పాపం, పదిహేడేళ్ళు ఉంటాయేమో, నీళ్ళు తొణికి మెట్లన్నీ తడిసిపోతే మా పెదమామగారు జారబోయి రెయిలింగ్ పట్టుకున్నారు. ఆ రెయిలింగ్ కూడా ఊగింది.

మా అత్తగారు ఒక్క మాట అనలేదు. ఆవిడ ఏదైనా అంటే సర్దుకుపోవచ్చు, ఏమీ అనకపోతేనే మా ఇంట్లో అందరికీ టెన్షన్. మంచం చివర బొమ్మలా కూర్చుని, తలుపు దగ్గర నిలబడ్డ వియ్యపురాలి వైపు చూసి, "పర్లేదు వదినగారూ, ఒక్క రాత్రే కదా" అన్నారు. ఆ "పర్లేదు" విని బాబాయిగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మగపెళ్ళివారి మర్యాదలో ఆయన చేసిన లోటేమీ లేదు, మోసపోయింది ఆయనే, కానీ ఆ పూట తలవంచుకుని తిరగాల్సి వచ్చిందీ ఆయనకే.

అసలు దెబ్బ షష్ఠి నాడు. తెల్లవారేదాకా మండపంలోనే ఉండి, వచ్చి పడుకున్నామో లేదో, పదింటికి గదిలో ఫోను. పన్నెండుకి ఖాళీ చేయాలి, లేదా ఈ రోజు నుంచి గది 4,500. రథసప్తమి రేటట! ముందే మాట్లాడుకున్నాం కదా అంటే కౌంటర్ దగ్గరాయన నవ్వుతూ "ఏటి చేస్తామండీ, సీజను కదా" అన్నాడు. పైగా బిల్లు చూడండి. వాళ్ళ లెక్కలో రోజంటే మధ్యాహ్నం 12 నుంచి 12. మేం ఉదయం 7కి దిగాం కాబట్టి ఆ అయిదు గంటలకీ ఒక రోజు, మర్నాడు 12 వరకు ఇంకో రోజు. ఏడు గదులు, రెండు రోజులు, 22,400. బకెట్ల డబ్బులు వేరే. నిజంగా ఆ పక్కల మీద మేం నడుం వాల్చింది నాలుగు గంటలు.

కాబట్టి గది మాట్లాడేటప్పుడు "ఇరవై నాలుగు గంటలా, పన్నెండు టు పన్నెండా" అని అడగండి. గది నంబర్లతో సహా వాట్సాప్‌లో పెట్టమనండి, అడ్వాన్సు ఫోన్‌పేలోనే ఇవ్వండి. మాఘంలో పెళ్ళయితే క్యాలెండర్‌లో రథసప్తమి ఎప్పుడో చూడకుండా ఏదీ ఖాయం చేసుకోవద్దు. కల్యాణ మండపానికే గదులుంటే, ఎంత సాదాగా ఉన్నా అవే నయం. విశాఖలో మంచి హోటల్ తీసుకుని కార్లలో వచ్చేద్దామని కొందరంటారు, అర్ధరాత్రి ముహూర్తానికి నూట పది కిలోమీటర్ల దూరం నిద్రకళ్ళతో డ్రైవర్ని నమ్ముకోవడం నాకైతే ఇష్టం లేదు.

22 మంది ఆ మధ్యాహ్నమే రైలెక్కేశారు. దర్శనం చేసుకుని నాలుగు చోట్లు చూసి వెళ్దామనుకున్న పన్నెండు మందిమి సూట్‌కేసులతో రోడ్డు మీద. అప్పుడొచ్చింది పెళ్ళికూతురి మేనత్తగారు, ఆటోలో. "ఏటమ్మా, ఇల్లుండగా లాడ్జీలేటి మీకు? ఎక్కండి" అంది. అంతే. నాగావళి అవతల చిన్న పెంకుటిల్లు, ముందు అరుగు, పెరట్లో పనసచెట్టు. మాకు హాల్లో చాపలు, అత్తగారికి మామగారికి పట్టెమంచం. వేడినీళ్ళు కట్టెల పొయ్యి మీద, ఎన్ని కావాలంటే అన్ని.

అక్కడ తిన్న భోజనం గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. మేం వెళ్ళేసరికే ఆవిడ పెరట్లో గోనెపట్టా పరిచి లేత పనసకాయ ముందేసుకుని కూర్చుంది. చేతులకీ కత్తికీ నూనె రాసుకుంది, లేకపోతే ఆ జిగురు వదలదు. కాయని ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో టకటకటక కొడుతుంటే పొట్టు సన్నగా రవ్వలా రాలుతోంది, మా పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఉడికించి, చింతపండు రసం, ఎండుమిర్చి, జీడిపప్పుతో పోపు పెట్టి దించేసింది. జీడిపప్పు పలాసదే, వాళ్ళ చుట్టాల తోటదట. ఆవ మాత్రం అప్పుడే కలపలేదు. కూర చల్లారాక, నూరిన ఆవముద్ద పచ్చినూనెతో కలిపి అప్పుడు పట్టించింది, వేడి మీద వేస్తే చేదెక్కుతుందట. నేను పదేళ్ళుగా పొయ్యి మీదే వేస్తున్నాను! మొదటి ముద్దకి ముక్కులోకి ఘాటెక్కి కళ్ళనీళ్ళు వచ్చాయి. మా అత్తగారు మారు వడ్డించుకున్నారు, ఆ తర్వాత ఇంకోసారి కూడా. పొద్దున్న నుంచి బిగుసుకున్న ముఖం అప్పుడు విడింది. మర్నాడు పొద్దున చోడి అంబలి, మజ్జిగ పోసి, పచ్చి ఉల్లిపాయతో. చోళ్ళంటే మన రాగులే.

హోటళ్ళ విషయానికొస్తే, ఏడు రోడ్ల కూడలి దగ్గర, డే అండ్ నైట్ కూడలి వైపు టిఫిన్ బళ్ళు బాగున్నాయి, నలుగురం కడుపునిండా తింటే 180 అయింది. ఏసీ రెస్టారెంట్‌కి ఒకసారి వెళ్ళాం, 1,940 బిల్లు, మన దగ్గర దొరికే బిర్యానీయే. అంత దూరం వెళ్ళి అది తినడం దండగ. అక్కడివాళ్ళు ఎవరైనా భోజనానికి రమ్మంటే మొహమాటపడకుండా వెళ్ళిపోండి.

అరసవల్లి గురించి. రథసప్తమి నాడే వెళ్ళాలని మామగారి పట్టు. తెల్లవారుజామున 3 గంటలకి లైన్లో నిలబడితే బయటపడేసరికి ఎనిమిదిన్నర. నిజరూప దర్శనం దొరికింది, ఆయనకి జన్మ ధన్యమైంది, మా ఆయనకి నడుం పట్టేసింది. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది ఈ రోజేననుకుని మా బంధువొకరు కెమెరాతో సహా వచ్చారు. అది మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు, ఉదయం పూట. గుడి ఊరికి రెండు కిలోమీటర్లే కాబట్టి, పట్టింపు లేనివాళ్ళు పండగా ఆదివారం కాకుండా ఇంకే రోజైనా వెళ్ళి హాయిగా చూడండి.

ఆ రోజే పదింటికి కారు మాట్లాడుకున్నాం, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం కలిపి 2,600, డీజిలుతో సహా. అందరూ పట్టరు కాబట్టి ఆరుగురమే వెళ్ళాం. డ్రైవర్ కుర్రాడు మంచివాడు, ఎక్కడా ఫలానా షాపులోనే కొనండి అనలేదు. శ్రీకూర్మంలో స్వామి తాబేలు రూపంలో ఉంటాడు, పడమటి ముఖం, గుడికి రెండు ధ్వజస్తంభాలు. స్తంభాల మీద శాసనాలు చెక్కి ఉన్నాయి, పాత రాతలు చదవడం వచ్చినవాళ్ళకి పూట సరిపోదు. మా పిల్లలకి మాత్రం ఆవరణలోని నక్షత్ర తాబేళ్ళే గుడి. వాటికి ఆకుకూర పెడుతూ అరగంట కదల్లేదు.

శాలిహుండం కొండెక్కినప్పుడు మేం తప్ప ఇంకెవరూ లేరు. ఇటుక స్తూపాల పునాదులు, కింద వంశధార, గాలి. ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనది ఈ జిల్లానే. పెళ్ళిలో ఆడపెళ్ళివారి "ఏటి", "ఎల్దాం" అన్న మాటలకి నవ్విన మావాళ్ళ కుర్రాళ్ళకి అక్కడే ఈ సంగతి చెప్పాను, కాస్త ముఖాలు చిన్నబుచ్చుకున్నారు. చెప్పులు మంచివి వేసుకోండి, నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. కళింగపట్నంలో లైట్‌హౌస్ చూశాం, సముద్రం చూశాం, ఎండకి మాడాం. అక్కడికి సాయంత్రం వెళ్ళాలి. అలలు ఉధృతంగా ఉన్నాయి, పిల్లల్ని నీళ్ళలోకి దింపలేదు.

చివరి రోజు పొందూరు. మా ఆడపడుచు చీర కొంటానంటే సరేనని వెళ్ళాను, నాకు ఖద్దరు మీద పెద్ద మోజు లేదు. ఒక ఇంటి అరుగు మీద ముసలామె పత్తి దువ్వుతోంది. చేతిలో దువ్వెన లాంటిది ఏంటా అని వంగి చూస్తే చేప దవడ! వాలుగ చేపది, గోదావరి వైపు నుంచి తెప్పిస్తారట. సూదుల్లాంటి సన్నపళ్ళు, గింజ చుట్టూ ఉన్న దూదిని ఒక్కో కాయా దువ్వి చెత్త తీసేస్తుంది. అలా శుభ్రం చేసిన దూదిని ఏకులు చుట్టి, ఎండిన అరటి దొన్నెలో దాచి, రాట్నం మీద వడికితే వంద నంబరు నూలు, అంటే అంత సన్నటి దారం. మామగారికి పంచె 3,150 పెట్టి కొన్నాను, బేరమాడాలనిపించలేదు. ఆడపడుచు చీర ధర ఇక్కడ రాయను, వాళ్ళాయన చదువుతారు.

శ్రీముఖలింగం గుడి, తేలినీలాపురం పక్షులు, మందస కోవా, ఈ మూడూ మిగిలిపోయాయి. లాడ్జివాడు తినేసిన ఆ సగం రోజు చేతిలో ఉంటే శ్రీముఖలింగమైనా అయ్యేది, అదీ నా బాధ.

తిరుగు రైల్లో మా అత్తగారి సీటు కింద గోనెసంచిలో రెండు పనసకాయలు, కోడలి మేనత్త ఇచ్చినవి. విజయవాడలో దిగేసరికి సంచికి జిగురంటుకుని నా కొత్త చీర కుచ్చిళ్ళు పాడయ్యాయి. ఒక కాయ ఆ ఆదివారమే కొట్టాం, నా పొట్టు రవ్వలా రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆవ మాత్రం దించి చల్లారాకే కలిపాను.