బీచ్‌లో గంట కొట్టించే 'కమాండో' క్యాంపు: ముప్పై దాటినవాళ్లు జాగ్రత్త

ఇంకా కోపం తగ్గలేదు. రాసింది అటూ ఇటూ పోతే సర్దుకోండి. పొద్దున్నే నల్ల టీషర్టులు వేసుకుని, ఇసుక బస్తాలు మోస్తూ, అరుచుకుంటూ బీచ్‌లో పరిగెత్తే బ్యాచ్ ఎవరిదో వైజాగ్‌లో వాకింగ్‌కి వెళ్లేవాళ్లందరికీ తెలుసు. పేరు రాయను. రాస్తే ఆ క్యాంపు నడిపే కోచ్ రేపే నోటీసు పంపిస్తాడు, ఆ పనిలో మాత్రం మనవాడు నిజంగానే కమాండో. వాళ్ల 'ముప్పై ప్లస్ సెలక్షన్ బ్యాచ్'కి డబ్బు కట్టబోతున్నవాళ్లు ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి.

నాకు 34. పరవాడలో మందుల కంపెనీ, క్వాలిటీ విభాగం. టెరిటోరియల్ ఆర్మీలో ఆఫీసర్‌గా చేరడానికి 42 ఏళ్ల దాకా దరఖాస్తు పెట్టుకోవచ్చు. డిగ్రీ ఉండి, సొంతంగా సంపాదించుకుంటున్నవాళ్ల కోసం పెట్టిన దారి అది. ఆ ప్రకటన చూశాక చిన్నప్పటి సరదా మళ్లీ లేచింది. రాతపరీక్షకి పుస్తకాలు తెచ్చుకున్నాను. ఒంటి సంగతి ఎవరైనా చూసుకుంటే బాగుండు అనుకుంటుండగా ఫోన్‌లో ఇతని రీల్ ప్రత్యక్షం. ధోని బొమ్మ పెట్టి, '2015లో, 34 ఏళ్ల వయసులో ఆగ్రాలో పారాచూట్‌తో దూకాడు, మీకేం తక్కువ?' అని అడుగుతున్నాడు. 2005లో మన వైజాగ్ గ్రౌండ్‌లో పాకిస్తాన్ మీద 148 కొట్టిన మనిషి మరి. ఆ రోజు స్కూలు ఎగ్గొట్టి టీవీ ముందు కూర్చున్న పిల్లల్లో నేనూ ఒకణ్ని. ఆయన పేరెత్తితే ఈ ఊళ్లో ఎవరు పడరు? ధోనిది గౌరవ హోదా అనీ, అప్పటికి రోజూ అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడుతున్న ఒళ్లనీ రీల్‌లో ఎందుకు చెబుతారు?

మూడు నెలలు, 24 వేలు. మొత్తం ముందే కడితే రెండు వేలు తగ్గింపు. కట్టేశాను.

'మార్కోస్ పద్ధతి' అన్నాడు. మార్కోస్ అంటే నేవీ కమాండోలు, అందులోకి నేవీలో పనిచేస్తున్నవాళ్లే వెళ్లగలరు. పారా స్పెషల్ ఫోర్సెస్‌కి ఆర్మీలో ఉన్నవాళ్లు, ఎన్ఎస్‌జీకి డిప్యుటేషన్ మీద వచ్చేవాళ్లు. మందుల కంపెనీ నుంచి నేరుగా తీసుకునే చోటు వీటిలో ఒక్కటీ లేదు. పోనీ నేను వెళ్లాలనుకున్న దారిలోనైనా ఇతని బస్తాలు పనికొస్తాయా? ఆఫీసర్లని ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ పరీక్ష ఐదు రోజులు ఉంటుంది. అందులో పరుగు పరీక్షే లేదు. విడిగా చేసే అడ్డంకులు పది, వాటికి మూడు నిమిషాలు. మిగతా అంతా గ్రూపు పనులు, సైకాలజీ పరీక్షలు, ఇంటర్వ్యూ. పదో తరగతి కుర్రాడికి కూడా ఇంటర్నెట్‌లో దొరికే సంగతి ఇది. నాకు మంచం మీద పడ్డాక దొరికింది.

అసలు కథకి వస్తాను.

రోజూ ఇసుకలో పరుగు. వారం తిరక్కుండా భుజం మీదికి బస్తా వచ్చింది. విశ్రాంతి రోజు అనే మాట ఎత్తితే నవ్వుతారు. మొదటి నెలలో నాకే ఆశ్చర్యం వేసేంతగా ఊపిరి నిలబడింది. కైలాసగిరి మెట్లు ఆగకుండా ఎక్కేశాను. ఇంట్లో కూడా 'బాగానే తగ్గారే' అన్నారు. రెండో నెలలో కుడికాలి ముందెముక మీద ఒకచోట నొప్పి మొదలైంది. పిక్క పట్టేయడం లాంటిది కాదు, రూపాయి బిళ్లంత చోటు. వేలు పెట్టి ఇదిగో ఇక్కడే అని చూపించొచ్చు. మొదట పరిగెత్తితేనే, తర్వాత నడిచినా, చివరికి రాత్రి పడుకున్నా. చెప్పాను. 'ఐస్ పెట్టండన్నా, షిన్ అందరికీ వస్తుంది' అన్నాడు. మళ్లీ చెప్పాను. 'అది కాల్లో లేదన్నా, మైండ్‌లో ఉంది' అన్నాడు.

ఆ శనివారం నైట్ షిఫ్ట్ దిగి నేరుగా బీచ్‌కే వెళ్లాను. ఇరవై కిలోల బస్తా. నీళ్ల పక్కన గట్టి ఇసుక మీద కాదు, పైన కాలు దిగబడే పొడి ఇసుకలో. రెండో రౌండ్‌లో కాలు ఆనిస్తే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బస్తా దించేశాను. అతను దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. భుజం మీద చెయ్యేసి, ఎంతో మెత్తగా, 'ఈ రోజుకి చాల్లే అన్నా. వెళ్లి ఆ గంట ఒకసారి కొట్టేసి నీడలో కూర్చోండి. లెక్క కోసమే. సోమవారం మీ కాలి సంగతి చూద్దాం' అన్నాడు.

గంటంటే నిజంగా గంటే. గుళ్లో ఉండేలాంటి ఇత్తడి గంట, ఇనప స్టాండుకి కట్టి ఉంటుంది. అమెరికా నేవీ సీల్స్ శిక్షణలో వదిలేసి వెళ్లిపోయేవాళ్లు మూడుసార్లు గంట కొడతారు, అది చూసి తెచ్చిపెట్టాడు. నేను అలంకారం అనుకున్నాను. కుంటుకుంటూ వెళ్లి కొట్టాను.

వెనక్కి తిరిగేసరికి అతని అసిస్టెంట్ ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. బ్యాచ్ మొత్తాన్ని వరసలో నిలబెట్టారు. ఇందాకటి మెత్తటి గొంతు లేదు. చప్పట్లు కొడుతూ అరుస్తున్నాడు. 'చూశారు కదరా! యూనిఫాం సరదా అందరికీ ఉంటుంది. అంకుల్‌కి బస్తా దించగానే తీరిపోయింది!'

గంట కొట్టేవరకూ అన్నని. కొట్టాక అంకుల్‌ని. అతనికీ నాకూ మహా ఉంటే ఐదారేళ్ల తేడా.

అగ్నివీర్‌కి ప్రాక్టీస్ చేసే భీమిలి కుర్రాళ్లు ఉన్నారు, పందొమ్మిదేళ్లవాళ్లు. వాళ్లు నవ్వారు. వాళ్లని ఏమీ అనను, సార్ నవ్వమంటే నవ్వాలి. వాళ్లలో ఒకడే తర్వాత నా బండి దాకా బ్యాగ్ మోసుకొచ్చి పెట్టాడు, పాపం.

సోమవారం వెళ్లి, కాలు చూపించుకుంటాను, మిగతా రోజులు తర్వాతి బ్యాచ్‌లో సర్దమని అడిగాను. నా ఫారం తీసి వెనక పేజీ తిప్పాడు. ఆరో అంశం: 'గంట కొట్టిన అభ్యర్థి స్వచ్ఛందంగా వైదొలగినట్టు పరిగణించబడును. ఫీజు వాపసు, బ్యాచ్ మార్పు ఉండవు.' కింద నా సంతకం. ఫ్యాక్టరీలో బ్యాచ్ రికార్డు ప్రతి లైనూ చదివితే గానీ సంతకం పెట్టను, దానికే నాకు జీతం ఇస్తారు. ఇంత తెలివి బీచ్‌కి వెళ్లేటప్పుడు ఎక్కడ పెట్టి వెళ్లానో!

'కొట్టమన్నది మీరే కదా' అన్నాను.

'నేను నీడలో కూర్చోమన్నానన్నా. కొట్టింది మీరు. వీడియో కూడా ఉంది.'

అదన్నమాట సంగతి. గంట అలంకారం కాదు, రసీదు. కాలు నొప్పి అన్నవాడి డబ్బు తిరిగివ్వకుండా, వాడి చేత్తోనే సాక్ష్యం తయారు చేయించే ఏర్పాటు. నాతో పాటు చేరిన నలభై ఏళ్ల బ్యాంకు ఆయన, మధురవాడ నుంచి వచ్చే టీచరుగారు, ఇద్దరూ ఇలాగే కొట్టి వెళ్లారు. వాళ్లు ఓపిక లేక మానేశారనుకున్నాను. మొన్న ఫోన్ చేస్తే ఇద్దరిదీ ఇదే కథ. ముప్పై ప్లస్ బ్యాచ్‌ అంటే అతనికి ఎందుకంత ఇష్టమో ఇప్పుడు అర్థమైంది. కుర్రాళ్లు నెలనెలా కడతారు, మనం మొత్తం ముందే కట్టి మధ్యలో ఆగిపోతాం.

ఇక ఆ వీడియో. పాట కలిపి రీల్ చేశాడు, ముఖం కూడా మసక చేయలేదు. నా బావమరిదే పంపించి 'బావా, ఇది నువ్వేనా?' అన్నాడు. క్యాంటీన్‌లో నేను ప్లేటు పట్టుకుని వెళుతుంటే ఎవడో ఒకడు గ్లాసు మీద చెంచాతో టింగ్ మనిపిస్తున్నాడు. తీసేయమని మెసేజ్ పెడితే 'మోటివేషన్ కోసం అన్నా' అని జవాబు. కింద కండలు చూపించే బొమ్మ.

కాలికి ఎక్స్‌రే తీస్తే ఏమీ కనపడలేదు. ఇలాంటి పగుళ్లు మొదటి వారాల్లో ఎక్స్‌రేకి దొరక్కపోవచ్చని డాక్టరుగారు ఎంఆర్ఐ రాశారు. స్ట్రెస్ ఫ్రాక్చర్. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు లేదు. కొత్త బరువు పడితే ఎముక ముందు తన పాత భాగాన్ని తొలిచేసుకుంటుందట, ఆ చోట కొత్తది గట్టిపడటానికి నెలలు పడుతుందట. గుండె, ఊపిరి నెల తిరిగేసరికి అలవాటు పడతాయి. మనం బలపడ్డామనుకుని బరువు పెంచే సమయానికి ఎముక ఇంకా మరమ్మత్తులోనే ఉంటుంది. కైలాసగిరి మెట్లు ఎక్కి నేను మురిసిపోయింది సరిగ్గా అప్పుడే. కవాతు చేసే సైనికులకు పాదాల్లో వచ్చే ఈ బాధ గురించి ప్రష్యా సైనిక వైద్యుడొకాయన 1855లోనే రాశాడు. నూట డెబ్బై ఏళ్లుగా సైన్యాలకు తెలిసిన విషయం, సైన్యం పేరు చెప్పుకుని తినే మనిషికి తెలియదు. లేదా తెలుసు. తెలిసే చేశాడంటే ఇంకా ఘోరం.

డాక్‌యార్డ్‌లో చేసి రిటైరైన మా పక్కింటి పెద్దాయన ఒకసారి ఇతన్ని 'ఏ షిప్పు బాబూ, ఏ బ్రాంచి?' అని అడిగారట. ఫోన్ వచ్చిందంటూ పక్కకి వెళ్లిపోయాడట. ఈ ముక్క ఆయన నాకు ఇప్పుడు చెబుతున్నారు.

కొత్త బ్యాచ్ పోస్టర్ వేశాడు. దాని మీద గంట దగ్గర నిలబడ్డ మనిషి నీడ ఉంది. ఎర్ర బూట్లు. నావే.

చేరాలనే ఉంటే ఇవి చూసుకోండి. మాజీ సైనికుణ్నని చెప్పేవాళ్లని జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయం ఇచ్చే గుర్తింపు కార్డు చూపించమనండి. ఫారం వెనక పేజీ చదవండి, మొత్తం ఒకేసారి కట్టకండి. ఎముక మీద ఒకే చోట నొక్కితే నొప్పి అంటే ఆ రోజే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, ఐదు లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు లేదు. బ్యాంకు ఆయన కూడా వస్తానన్నారు. ఇంకెవరైనా ఆ గంట కొట్టినవాళ్లుంటే చెప్పండి, కలిసి వేద్దాం. ఫారం వెనక పేజీ ఫోటో అడిగినవాళ్లకి పంపిస్తాను.