వీలునామా రాయించడం ఒక ఎత్తు, దాన్ని కాలానికి తగ్గట్టు ఉంచుకోవడం మరో ఎత్తు: ఒక వారసత్వ ప్రణాళిక సేవపై సమీక్ష

కుటుంబానికి వారసత్వ ప్రణాళిక తయారుచేసి ఇచ్చే ఒక న్యాయ సేవా సంస్థతో మూడేళ్లుగా నాకున్న అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. వారి పనిలో నేను మెచ్చుకునేది ఎంత ఉందో తప్పుపట్టేదీ దాదాపు అంతే ఉంది. పైగా ఇలాంటి సేవ కోసం వెతుకుతున్నవారికి పేరుకన్నా, ఏం అడగాలో, ఏం చూసుకోవాలో తెలియడమే ఎక్కువ ఉపయోగపడుతుంది. వీరి ప్యాకేజీలో భార్యాభర్తలిద్దరికీ చెరొక వీలునామా, నిర్ణయాలు తీసుకోలేని స్థితి వస్తే మన తరఫున వ్యవహరించేవారికి అధికారమిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ, వైద్యం విషయంలో మన ఇష్టాయిష్టాలు తెలిపే పత్రం, ఆస్తుల జాబితా, ఏడాదికోసారి సమీక్ష ఉంటాయి. వీటిలో పత్రాల తయారీ చాలా బాగా చేశారు. సమీక్ష సరిగా చేయలేదు. నేను వీరిని ఎంచుకున్నదే ఆ సమీక్ష కోసం.

అందుకు కారణం మా నాన్నగారి వీలునామా. ఆయన దాన్ని పద్ధతిగానే రాయించి, సాక్షులతో సంతకాలు పెట్టించి, బీరువాలో భద్రంగా ఉంచారు. అయితే అది ఆయన పోవడానికి పంతొమ్మిదేళ్ల ముందు రాసినది. ఆ తర్వాత అందులో పేర్కొన్న ఇల్లు అమ్మి వేరే ఇల్లు కొన్నారు. వీలునామాలో రాసినది జరిపించే అమలుకర్తగా పెట్టుకున్న మిత్రుడు ఆయనకన్నా ముందే కన్నుమూశారు. పాత ఇల్లు మా చెల్లెలికి రాశారు; నాన్నగారు పోయేనాటికి ఆ ఇల్లు ఆయన పేరున లేదు కనుక ఆ వాక్యానికి విలువ లేకుండా పోయింది. కొత్త ఇంటి గురించి పత్రంలో ఒక్క ముక్క కూడా లేదు. మా ఇద్దరి మధ్య పేచీ రాలేదు, ఇల్లు చెల్లెలికే దక్కింది. కానీ అందుకు పద్నాలుగు నెలలు పట్టింది. తన పేరున్న ఆ వాక్యాన్ని చెల్లెలు రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా కాగితాన్ని పాత మడతల మీదే మడిచి నా చేతికి ఇవ్వడం నేను మరచిపోలేను. నాన్నగారి ఉద్దేశం ఏమిటో మా అందరికీ తెలుసు; చట్టానికి మాత్రం ఆ కాగితంలో ఉన్నదే తెలుసు.

ఇక సేవ విషయానికి వస్తాను. మొదట ఆన్‌లైన్‌లో ఒక ప్రశ్నావళి పూర్తి చేయాలి. అది పొడవుగా ఉంది కానీ అర్థమయ్యే భాషలోనే ఉంది. తర్వాత న్యాయవాదితో గంటన్నర సమావేశం జరిగింది. చెల్లించిన రుసుముకు నిజమైన ప్రతిఫలం ఆ గంటన్నరలోనే దక్కిందని చెప్పగలను. ఎవరికి ఏమి ఇవ్వాలన్నది మేము ముందే అనుకుని వెళ్లాం. ఆమె అడిగినవన్నీ మేము అనుకోని సంగతులే. భర్తది భార్యకు, భార్యది భర్తకు అని మేము చెప్పగానే, “ఇద్దరికీ ఒకే ప్రమాదంలో ఏమైనా అయితే?” అని అడిగారు. ఒకరు ముందు, మరొకరు రెండు రోజుల తర్వాత పోతే, మొదటివారి ఆస్తి రెండోవారికి వెళ్లి, అక్కడి నుంచి రెండోవారి వీలునామా ప్రకారం పంచవలసి వస్తుంది. అంటే ఒకే ఆస్తికి ఒకదాని వెంట ఒకటిగా రెండుసార్లు కోర్టు ప్రక్రియ. దీన్ని తప్పించడానికి, లబ్ధిదారు కనీసం 30 రోజులు జీవించి ఉంటేనే ఆస్తి చెందుతుందని ఒక నిబంధన రాస్తారట. మా రెండు వీలునామాల్లోనూ అది చేర్చారు.

పిల్లల సంరక్షకుల దగ్గర ఆమె ఇంకా ఎక్కువ సేపు ఆగారు. పిల్లలను పెంచేవారు, వారి డబ్బు చూసేవారు ఒక్కరే కావాలా, వేర్వేరుగా ఉండాలా అని అడిగారు. ప్రేమగా పెంచగలిగినవారందరూ లెక్కలు చూడగలరని లేదని, ఇద్దరు వేర్వేరుగా ఉంటే ఒకరి పని మరొకరికి కనిపిస్తుందని వివరించారు. పద్దెనిమిదేళ్లు నిండగానే మొత్తం డబ్బు చేతికి రావడం మంచిదేనా అని అడిగి, వీలునామాలోనే ఒక ట్రస్ట్ ఏర్పాటు చేసి, చదువుకు, వైద్యానికి అవసరమైనప్పుడు ఇస్తూ, మిగిలినది పాతికేళ్లకు అందేలా రాయవచ్చునని చెప్పారు. చివరగా, “మీరు అనుకున్న సంరక్షకులతో ఈ మాట చెప్పారా?” అని అడిగారు. మేము చెప్పలేదు. వారం గడువిచ్చి, వారి అంగీకారం తెలుసుకున్నాకనే ముసాయిదా రాస్తానన్నారు. ఆ వారంలో మేము ఎంచుకున్న మొదటి దంపతులు, తమ ఇంట్లో ఉన్న వృద్ధుల బాధ్యత వల్ల ఇది మోయలేమని నిజాయితీగా చెప్పారు. ముందే అడగబట్టి సరిపోయింది. లేకపోతే ఆ సంగతి మా పిల్లలకు అన్నిటికన్నా కష్టమైన రోజున తెలిసేది.

సంతకాల రోజున వారు చూపిన జాగ్రత్త కూడా ప్రస్తావించదగినదే. మాతో తోడుగా మా చెల్లెలి భర్త వచ్చారు. సాక్షి సంతకం తానే పెడతానని ముందుకు వస్తే న్యాయవాది ఆయనను మర్యాదగా ఆపి, “మీరు బయట కూర్చోండి సార్, మీరు సాక్షిగా ఉంటే మీ ఇంటికి రావలసినదే పోతుంది” అన్నారు. ఇంగ్లండులో ఇప్పటికీ అమలులో ఉన్న 1837 నాటి వీలునామాల చట్టం ప్రకారం లబ్ధిదారు గానీ, లబ్ధిదారు భార్య లేదా భర్త గానీ సాక్షిగా సంతకం చేస్తే వీలునామా చెల్లుతుంది కానీ ఆ లబ్ధిదారుకు రాసినది చెల్లదు. దేశాన్ని బట్టి ఈ నియమం మారుతుంది గనుక, ఎక్కడైనా సరే, ఏ ప్రయోజనమూ లేని ఇద్దరిని సాక్షులుగా పెట్టుకోవడమే క్షేమమని ఆమె చెప్పారు. ఇద్దరు సాక్షులూ మేము సంతకం చేస్తున్నంతసేపూ ఎదురుగానే కూర్చున్నారు. ఒకరు ఫోన్ మోగి లేవబోతే, ఆ పేజీ పూర్తయ్యేదాకా ఆగమన్నారు.

పేజీలన్నీ కలిపి స్టేప్లర్ కొట్టే ముందే స్కాన్ చేసుకుని, ఆ తర్వాత పిన్ను ఎప్పటికీ తీయవద్దని రెండుసార్లు హెచ్చరించారు. జిరాక్స్ కోసం పిన్ను తీసి మళ్లీ కొడితే కాగితం మీద అదనపు రంధ్రాలు మిగులుతాయి. అక్కడ ఇంకేదో కాగితం జతచేసి తీసేశారేమో, పేజీ మార్చారేమో అన్న ప్రశ్న వస్తుంది, దానికి ఎవరో ఒకరు ప్రమాణపూర్వకంగా సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. రెండు చిన్న రంధ్రాల వల్ల ఇంత పని పడుతుందని నాకు అంతకుముందు తెలియదు.

అసలు ప్రతిని ఎక్కడ ఉంచాలన్న దానిమీద కూడా స్పష్టమైన సలహా ఇచ్చారు. ప్రఖ్యాత గాయని అరీతా ఫ్రాంక్లిన్ 2018లో మరణించినప్పుడు వీలునామా లేదనే అందరూ అనుకున్నారు. మరుసటి ఏడాది ఆమె ఇంట్లో చేతితో రాసిన పత్రాలు బయటపడ్డాయి. 2010 నాటిది తాళం వేసిన అల్మరాలో, 2014 నాటిది సోఫా దిండ్ల కింద ఒక నోటుపుస్తకంలో దొరికాయి. వాటిలో ఏది చెల్లుతుందన్నది కుమారుల మధ్య వివాదమై, 2014 నాటిదే చెల్లుతుందని 2023 జులైలో జ్యూరీ తేల్చింది. అమలుకర్తకు తెలియని చోట దాచిన వీలునామా లేనట్టే అని మా న్యాయవాది అన్నారు. మా అసలు ప్రతులు సంస్థ లాకరులో ఉన్నాయి, రసీదు అమలుకర్త దగ్గర ఉంది.

ఇంతవరకూ నాకు ఏ లోటూ కనిపించలేదు. లోటంతా సమీక్షలోనే.

మొదటి ఏడాది పూర్తయ్యాక ఒక ఈమెయిల్ వచ్చింది. “మీ పరిస్థితుల్లో మార్పులేమైనా ఉన్నాయా?” అన్న ఒక్క ప్రశ్న, దాని కింద “లేవు” అన్న బటన్. నేను “లేవు” నొక్కాను. రెండో ఏడాదీ అదే ఈమెయిల్, అదే బటన్. ఏ మార్పు లెక్కలోకి వస్తుందో సామాన్యులకు ఎలా తెలుస్తుంది? ఇంగ్లండులో వీలునామా రాసిన తర్వాత పెళ్లి చేసుకుంటే, ఆ పెళ్లిని దృష్టిలో పెట్టుకునే రాశామని అందులో లేకపోతే, ఆ వీలునామా దానంతటదే రద్దవుతుంది. విడాకులైతే వీలునామా నిలుస్తుంది కానీ, విడిపోయినవారిని అప్పటికే మరణించినట్టు పరిగణిస్తారు. ఇల్లు అమ్మినా, అమలుకర్త చనిపోయినా, వేరే దేశానికి మారినా ప్రభావం ఉంటుంది. ఇవి ఒక్కొక్కటిగా అడగవలసిన ప్రశ్నలు. సమావేశంలో అంత ఓపికగా అడిగిన సంస్థే సమీక్షను ఒక బటన్‌కు కుదించడం నాకు అర్థం కాలేదు.

దీని ఫలితం మూడో ఏడాది బయటపడింది. పెళ్లికి ముందు తీసుకున్న ఒక జీవిత బీమా పాలసీ తాలూకు వార్షిక పత్రం వస్తే తీరికగా చదివాను. రెండో పేజీలో కింద చిన్న అక్షరాల్లో, నామినీ అన్న చోట మా నాన్నగారి పేరు ఉంది. నేను ఈ సంస్థ దగ్గరకు వెళ్లేనాటికే ఆయన పోయి ఏడాది దాటింది. ఆ సంగతి వారికి చెప్పాను. ఆ పాలసీ నంబరు వారు తయారుచేసిన ఆస్తుల జాబితాలో ఉంది. అయినా ఆ జాబితాలో నామినీ ఎవరన్న గడి లేదు. ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

నామినీకి, వారసునికి ఉన్న తేడా చాలామందిని తికమకపెడుతుంది. పైగా అది దేశాన్ని బట్టి మారుతుంది. బీమా నామినీ సొమ్మును అందుకునే వ్యక్తి మాత్రమేనని, అది అసలు వారసులకే చెందుతుందని భారత సుప్రీంకోర్టు 1983లో తీర్పు ఇచ్చింది. 2015లో బీమా చట్టాన్ని సవరించి, తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే వారికి ఆ సొమ్ముపై ప్రయోజన హక్కు, అంటే దాన్ని తమదిగా పొందే హక్కు, కల్పించారు. కంపెనీ షేర్ల విషయంలో మాత్రం నామినీ యజమాని కాడని అదే కోర్టు 2023లో స్పష్టం చేసింది. అమెరికాలో ఒక ఉద్యోగి విడాకుల ఒప్పందంలో భార్య తన హక్కు వదులుకున్నా, సంస్థ పొదుపు పథకంలో ఆమె పేరు మార్చలేదు. ఆయన మరణానంతరం 4 లక్షల డాలర్లకు పైగా ఉన్న ఆ సొమ్ము మాజీ భార్యకే ఇచ్చారు. పథకం పత్రాల్లో ఉన్న పేరు ప్రకారం చెల్లించడం సరైనదేనని 2009లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. వీలునామా ఎంత చక్కగా రాసినా, నామినేషన్ పత్రాలు దానితో పొసగకపోతే ప్రణాళిక రెండు దారుల్లో నడుస్తుంది. అందుకే ఈ లోపాన్ని నేను చిన్నదిగా చూడలేను.

ఫోన్ చేస్తే, నామినేషన్లు తమ ప్యాకేజీలోకి రావని కార్యాలయ సిబ్బంది సమాధానమిచ్చారు. ఒప్పందంలో “సమగ్ర ప్రణాళిక” అని ఉందని గుర్తుచేస్తే, మేనేజర్‌తో మాట్లాడి చెబుతామన్నారు, చెప్పలేదు. చివరికి మా న్యాయవాదికే నేరుగా రాశాను. ఆమె పొరపాటును ఒప్పుకుని, మరుసటి వారమే మా జాబితాలోని ప్రతి ఖాతాకు, ప్రతి పాలసీకి నామినీ ఎవరో రాయించి, వీలునామాతో పోల్చి చూశారు. మరో రెండు ఖాతాల్లో అసలు నామినీయే లేరని తేలింది. ఇదంతా అదనపు రుసుము లేకుండా చేశారు. ఆమె మీద నా గౌరవం పెరిగింది. సంస్థ పద్ధతి మీద నా అభిప్రాయం మారలేదు.

అదే సమయంలో వీలునామాలోనూ మూడు మార్పులు అవసరమయ్యాయి. చిన్న మార్పుకైతే అనుబంధ పత్రం, అంటే కోడిసిల్, సరిపోతుందని, మూడు చోట్ల మారుతున్నప్పుడు రెండు పత్రాలను కలిపి చదివేటప్పుడు అపార్థాలు వస్తాయని, కొత్త వీలునామా రాయించి అందులో “ఇంతకుముందు రాసినవన్నీ రద్దు చేస్తున్నాను” అన్న వాక్యం తప్పక పెట్టించాలని ఆమె సూచించారు. అలాగే చేశాం. దీనికి మాత్రం రుసుము వేరుగా తీసుకున్నారు. ప్రతి సవరణకూ విడిగా రుసుము పెడితే, “వచ్చే ఏడాది చూద్దాంలే” అని జనం వాయిదా వేస్తారు. ఇలాంటి సేవలో సవరణలు వార్షిక రుసుములోనే కలిసి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

డిజిటల్ ఖాతాల గురించి ఒక పేజీ సూచనలు ఇచ్చారు. గూగుల్‌లో 2013 నుంచి, యాపిల్‌లో 2021 నుంచి మన తదనంతరం ఖాతాను ఎవరు చూడవచ్చో ముందే చెప్పుకునే ఏర్పాటు ఉంది. పది నిమిషాల పని, మేము అక్కడే కూర్చుని పూర్తి చేశాం. విదేశాల్లో ఆస్తి ఉన్నవారికి మాత్రం ఈ సేవ చాలదు, ఆ మాట వారే ముందుగా చెబుతారు. ఉదాహరణకు ఐరోపా సమాఖ్యలోని చాలా దేశాల్లో 2015 ఆగస్టు 17 నుంచి జరిగిన మరణాలకు ప్రత్యేక నిబంధన వర్తిస్తుంది. అక్కడ స్థిరనివాసం ఉన్నవారు తాము పౌరులుగా ఉన్న దేశపు చట్టమే వర్తించాలని వీలునామాలో ఎంచుకోవచ్చు. అలాంటి సంగతులకు అక్కడి న్యాయవాదినే సంప్రదించాలి.

చిన్న పిల్లలున్నవారు, మొదటిసారి వీలునామా రాయిస్తున్నవారు ఈ సేవను నిస్సంకోచంగా తీసుకోవచ్చు. ఇప్పటికే వీలునామా ఉండి సవరణలు, సమీక్ష మాత్రమే కావాలనుకునేవారు వీరి వార్షిక పథకానికి డబ్బు కట్టవద్దని చెబుతాను. ఆ డబ్బుతో ఏడాదికో, రెండేళ్లకో ఒకసారి న్యాయవాది సమయం అరగంట తీసుకుని, జాబితా ముందు పెట్టుకుని వరుసగా చదివించుకోవడం మేలు. నేనూ బటన్ నొక్కే సమీక్షను మానేసి, మా పెద్దమ్మాయి పుట్టినరోజు వారంలో ప్రతి ఏడాదీ మా న్యాయవాదితో సమావేశం ఉండేలా ముందుగానే సమయం తీసుకున్నాను. బీమా సంస్థ నుంచి నామినీ మార్పు ధ్రువీకరణ నిన్ననే వచ్చింది. దాని ప్రతి ఒకటి ఆస్తుల జాబితాకు జతచేసి అమలుకర్తకు పంపాను.