సైక్లోక్రాస్ సైకిల్ కొనేవారికి హెచ్చరిక: ‘రేసుకూ, రోజువారీకీ ఒకటే’ అన్న ప్రకటనను నమ్మి డబ్బు కట్టకండి

సైక్లోక్రాస్ పోటీల్లో, అంటే బురద, గడ్డి, ఇసుక దారుల్లో చుట్లు తిరుగుతూ సాగే సైకిల్ పందేల్లో పాల్గొనాలని, మిగతా రోజుల్లో అదే సైకిల్ మీద పనికి వెళ్లిరావాలని కోరుకునేవారు చాలామంది ఉన్నారు. సరైన ఫ్రేమ్ దొరికితే ఆ కోరిక చక్కగా నెరవేరుతుంది కూడా. అయితే ఆ కోరికనే ఆసరా చేసుకుని, కేవలం పోటీ కోసం తయారై, పోటీల్లోనే అరిగిపోయిన సైకిల్‌ను అన్నిటికీ పనికొస్తుందంటూ అంటగట్టే అమ్మకందారులూ ఉన్నారు. అలాంటి ఒకరి దగ్గర నేను సెకండ్ హ్యాండ్ సైకిల్ కొని నష్టపోయాను. మరొకరికి అదే జరగకూడదని ఈ వివరాలన్నీ రాస్తున్నాను.

ప్రకటనలో ‘రేసుకూ, రోజువారీ ప్రయాణానికీ అనువైనది, తక్కువగా వాడినది’ అని ఉంది. మడ్‌గార్డులు, వెనుక క్యారియర్ బిగించుకునే వీలుందా అని డబ్బు కట్టకముందే ఫోనులో స్పష్టంగా అడిగాను. ‘ఏదైనా బిగించుకోవచ్చు’ అని జవాబు వచ్చింది. సైకిల్ చేతికి వచ్చాక చూస్తే ఫోర్కు కొసల్లో గానీ, వెనుక ఇరుసు దగ్గర గానీ, సీటు కిందికి వచ్చే గొట్టాల మీద గానీ బోల్టు పట్టే రంధ్రం ఒక్కటీ లేదు. నీళ్ల సీసా పెట్టుకునే స్టాండుకు కూడా చోటు లేదు.

అది తయారీలో లోపం కాదు. అంతర్జాతీయ స్థాయి పురుషుల పోటీ సుమారు గంటసేపు సాగుతుంది. నిటారు గట్ల దగ్గర సైకిల్‌ను భుజాన వేసుకుని పరిగెత్తాలి, 40 సెంటీమీటర్ల ఎత్తు వరకు ఉండే చెక్క అడ్డంకులను దాటాలి, బురద పేరుకుపోతే పిట్ (దారి పక్కన సైకిల్ మార్చుకునే చోటు) దగ్గర కడిగి సిద్ధంగా ఉంచిన మరో సైకిల్ తీసుకోవాలి. అలాంటి పోటీలో సీసా స్టాండు భుజానికి అడ్డమే తప్ప ఉపయోగం లేదు కాబట్టి, పోటీ కోసమే చేసే కొన్ని ఫ్రేములకు ఆ రంధ్రాలే పెట్టరు. ఈ సంగతి ఆ ఫ్రేమ్‌ను అమ్మేవారికి తెలియకుండా ఉండదు. పట్టీలతో, క్లాంపులతో ఎలాగో సర్దుకోవచ్చని చెబితే దయచేసి ఒప్పుకోకండి. కార్బన్ ఫ్రేములో సీటు వెనుక ఉండే సన్నని గొట్టాలు క్లాంపు బిగింపును, దాని మీద మోసే బరువును తట్టుకునేలా తయారైనవి కావు. పట్టీ కింద చేరిన ఇసుక రోజూ కొద్దికొద్దిగా ఆ గొట్టాన్నే కోస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది చక్రాలు. ‘ఖరీదైన రేసు చక్రాలు కూడా వస్తాయి’ అని ప్రకటనలో గొప్పగా చెప్పారు గానీ, అవి ట్యూబులర్ చక్రాలన్న మాట ఎక్కడా లేదు. ట్యూబును లోపలే పెట్టి కుట్టేసి, మొత్తం టైరును రిమ్ముకు జిగురుతో అతికించే రకం ఇది. బురదలో చాలా తక్కువ గాలితో నడిపినా ట్యూబు రిమ్ముకు నొక్కుకుని చిరగడం అరుదు కాబట్టి పోటీదారులు దీన్ని ఇష్టపడతారు. రోజువారీ వాడకంలో మాత్రం ఇదే పెద్ద శాపమవుతుంది. దారిలో పంక్చరైతే మామూలు టైరులా విప్పి ట్యూబు మార్చడం కుదరదు. టైరు మొత్తాన్ని పెకలించి, కొత్తదాన్ని పొరలు పొరలుగా జిగురు పూసి ఆరబెట్టి అతికించాలి. పైగా మామూలు టైరును పట్టి ఉంచే అంచులు ఆ రిమ్ముకు ఉండవు, కాబట్టి టైర్లు మార్చుకుంటే సరిపోదు, చక్రాలే కొత్తవి కొనాలి. దూరం నుంచి తీసిన ఫొటోలో ఈ తేడా కనిపించదు. రిమ్ము అంచునూ, టైరు పక్కన ఉన్న అక్షరాలనూ దగ్గరగా ఫొటో తీసి పంపమని పట్టుబట్టండి.

చక్రాలు కొందామని వెళితే మరో చిక్కు ఎదురైంది. సైక్లోక్రాస్ పోటీల్లో డిస్క్ బ్రేకులను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ 2010లో అనుమతించింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు తయారీదారులు రకరకాల కొలతలతో ఫ్రేములు చేశారు. నాకు అమ్మినది ఆ కాలానిదే: వెనుక క్విక్ రిలీజ్ ఇరుసు (చిన్న మీటతో బిగించే సన్న రకం), 135 మిల్లీమీటర్ల వెడల్పు. ఇప్పుడు ఈ రకం సైకిళ్లకు వచ్చే చక్రాలు ఎక్కువగా ముందు 12×100, వెనుక 12×142 థ్రూ యాక్సిల్ కొలతలవి, అంటే ఫ్రేములోంచి దూర్చి మరలా బిగించే 12 మిల్లీమీటర్ల మందం ఇరుసు, 100 లేదా 142 మిల్లీమీటర్ల వెడల్పు. కొన్ని హబ్బులకు (చక్రం మధ్య భాగాలకు) కొసలు మార్చుకునే వీలుంటుంది, కొన్నిటికి ఉండదు. అందువల్ల ఇరుసు కొలతలు, డిస్కును నొక్కి పట్టే బ్రేకు క్యాలిపర్‌ను ఫ్రేముకు బిగించే పద్ధతి రెండు రకాల్లో ఏది, ఫ్లాట్ మౌంటా పోస్ట్ మౌంటా అన్నది ముందుగానే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

ఇక ‘తక్కువగా వాడినది’ అన్న మాట. నమ్మకమైన మెకానిక్ చేత విప్పించి చూపిస్తే, పెడళ్ల దగ్గర నుంచి వెనుక ఇరుసుకు వెళ్లే చైన్‌స్టే గొట్టాల లోపలి వైపు పెయింటు పూర్తిగా పోయి కార్బన్ పోగులు బయటపడి ఉన్నాయి. టైరుకూ ఫ్రేముకూ మధ్య ఇరుక్కున్న బురద, ఇసుక తిరుగుతూ తిరుగుతూ చేసే పని ఇది. నాలుగు రోజులు షికారుకు వాడితే ఇంత అరుగుదల రాదు. బాటమ్ బ్రాకెట్‌లో (పెడళ్ల ఇరుసు తిరిగే చోట) మరలు లేకుండా నొక్కి బిగించిన ప్రెస్‌ఫిట్ బేరింగులు గరగరలాడుతున్నాయి, హ్యాండిల్ తిరిగే చోట ఉండే హెడ్‌సెట్ బేరింగులు తుప్పు పట్టాయి. పోటీ తర్వాత ప్రెషర్ వాషర్‌తో కడిగే సైకిళ్లలో గ్రీజు కొట్టుకుపోయి ఇలా జరుగుతుంటుంది. చైను అరుగుదలను గేజ్‌తో కొలిపించండి. 11 గేర్ల చైను అరిగి 0.5 శాతం కంటే ఎక్కువ సాగితే మార్చాలి. డిస్కుల కనీస మందం చాలావాటికి డిస్కు మీదే ముద్రించి ఉంటుంది, సాధారణంగా 1.5 మిల్లీమీటర్లు.

గేర్ల విషయం క్లుప్తంగా చెబుతాను. ఈ సైకిళ్లకు ముందు 46, 36 పళ్ల పలకల (చైను తిరిగే పళ్ల చక్రాల) జత గానీ, 40 పళ్ల ఒకే పలక గానీ ఎక్కువగా కనిపిస్తాయి. వెనుక పెద్ద పలక 28 పళ్లే అయితే సామాను వేసుకుని ఎత్తు ఎక్కడం కష్టం. 32 లేదా అంతకంటే పెద్దది పట్టే డిరైలర్ (చైనును గేరు నుంచి గేరుకు మార్చే భాగం) ఉందో లేదో అడగండి.

ఈ లోపాలేవీ టెస్ట్ రైడ్‌లో బయటపడవు. పొడి నేల మీద, బరువు లేకుండా కాసేపు తొక్కితే పోటీ సైకిల్ ఎంతో చురుగ్గా అనిపిస్తుంది. నేను డబ్బు వెనక్కి అడిగినప్పుడు ‘తొక్కి చూసే కొన్నారు కదా’ అన్నారు. కంపెనీ వారంటీ అక్కరకు వస్తుందనీ అనుకోకండి. చాలా కంపెనీలు దాన్ని మొదటి యజమానికే పరిమితం చేస్తాయి.

నిజంగా రెండు పనులకూ వచ్చే సైకిల్ కావాలంటే మడ్‌గార్డు, క్యారియర్, సీసా స్టాండు రంధ్రాలున్న ఫ్రేమ్, మరలతో బిగించే బాటమ్ బ్రాకెట్, థ్రూ యాక్సిల్, మామూలు లేదా ట్యూబ్‌లెస్ టైర్లు పట్టే రిమ్ములు చూసుకోండి. యూసీఐ పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు, గేజ్‌తో కొలుస్తారు కూడా. అదే టైరు వెడల్పాటి రిమ్ము మీద ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తేలవచ్చు. వీలైతే రెండు జతల చక్రాలు ఉంచుకోండి, ఒకటి బురద టైర్లతో పోటీకి, మరొకటి నున్నని టైర్లతో రోడ్డుకి.

నాకు అమ్మినవారు ఇప్పుడు మరో సైకిల్‌ను అవే మాటలతో అమ్మకానికి పెట్టారు. దాని ఫొటోలన్నీ కుడి పక్క నుంచి, దూరంగా నిలబడి తీసినవే. చైన్‌స్టేల లోపలి వైపు గానీ, రిమ్ము అంచు గానీ, ఇరుసు గానీ ఒక్క దానిలోనూ కనిపించడం లేదు.