కృష్ణుడా, హరిశ్చంద్రుడా?

పద్యనాటకంలో పేరున్న నటి మగవేషం కడుతుందంటే మన విజయవాడ, గుంటూరుల్లో మొదటి ప్రశ్న ఇదే: రాయబారంలో కృష్ణుడా, కాటిసీనులో హరిశ్చంద్రుడా? బాపట్ల స్థానం నరసింహారావు గారు సత్యభామగా మెప్పించిన నేల ఇది. తిరగేస్తే వింతేముంది?

ఖర్చు: కృష్ణుడికి కిరీటం, నగలు, పట్టుబట్టలు. అద్దెకు తెచ్చినా చేతిచమురు వదులుతుంది. కాటిలో గొంగళి, కర్ర చాలు.

శ్రమ: రాయబారంలోని తిరుపతి వేంకట కవుల పద్యాలు జనానికి కంఠతా వచ్చు. ఒక్క మాట తడబడినా ముందు వరస తాత అందిస్తాడు. కాటిసీనులో బలిజేపల్లి వారి నాటకానికి జాషువా పద్యాలు కూడా కలిపి పాడతారు. రాగం లాగేకొద్దీ ఊపిరి చాలదు.

శ్రుతి: అసలు టెన్షన్ ఇక్కడే. రాయబారంలో ఎదురుగా దుర్యోధనుడు, కర్ణుడు. వాళ్లు ఆమె శ్రుతికి రావాలి, లేదంటే పద్యం పద్యానికీ హార్మోనియం మెట్టు మారాలి. కాటిలో చాలాసేపు ఒంటరి. తర్వాత వచ్చే చంద్రమతిదీ ఆడగొంతే.

రిస్కు: కృష్ణుడికి మీసం ఉండదు, ముఖం ఇట్టే ఇమిడిపోతుంది. హరిశ్చంద్రుడికి అతికించాలి. చెమటకు గమ్ వదిలి, కొడుకు శవం ముందు మీసం ఓ పక్కకు వేలాడిందా, ఏడవాల్సిన జనం నవ్వుతారు.

మొదటిసారైతే, తోటి నటులు సర్దుకునేవాళ్లైతే కృష్ణుడే. గొంతులో దమ్ముండి, చేతిలో డబ్బు తక్కువైతే హరిశ్చంద్రుడు. నన్నడిగితే కాటిసీనే, మంచి గమ్ దొరికితే.